బాలమేధావియు యుద్ధక్రీడయు

బాలుడు యుద్ధమునకు పోవుట మన వాఙ్మయమునకు క్రొత్త విషయము కాదు. భారతమున అభిమన్యుడును, పల్నాటి కథయందు బాలచంద్రుడును కలరు. కోవిల్‌పట్టి, విరుదునగర ప్రాంతములందలి తెలుగు బిడ్డలు పెక్కుమంది ఇంట తెలుగు మాటలాడుచు బడిలో తమిళమును, ఆంగ్లమును చదువుచున్నారు. ఆర్సన్ స్కాట్ కార్డ్ 1985లో ప్రకటించిన ‘ఎండర్స్ గేమ్’ అను ఆంగ్ల నవల వారి చేతికి వచ్చినచో, మన కథలతో పోల్చి చదువుట మేలు.

కీటకములవంటి పరగ్రహవాసులకు వెరచిన మానవులు మేధావులగు బాలురను ఏరి, అంతరిక్షమందలి యుద్ధపాఠశాలకు పంపుదురు. ఎండర్ ఆరేండ్ల ప్రాయమున అట్లు ఎన్నికైనవాడు. తుదకు ఆటయని, పరీక్షయని నమ్మి అతడు ఆడినదే నిజమైన యుద్ధము. శత్రుగ్రహము నశించిన పిమ్మటగాని పెద్దలు ఆ మాట చెప్పరు.

శ్రీనాథకృతముగా ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రమందును పెద్దలు బాలునికి యుద్ధమును దాచిరి. బాలచంద్రుడు బొంగరములాడుచుండగా అన్నమ్మ కాలికి బొంగరము తగిలెను. ఆమె నిష్ఠురములాడగా అతనికి యుద్ధవార్త తెలిసెను. తెలిసియే అతడు కారెంపూడికి వెడలెను. అభిమన్యుడును పద్మవ్యూహమునుండి వెలికివచ్చుట తనకు తెలియదని ధర్మరాజుతో ముందుగనే చెప్పెను. పల్నాట దాచుట బిడ్డను కాపాడుటకు. నవలలో దాచుట బిడ్డను వాడుకొనుటకు. ఈ భేదమే నవలకు ప్రాణము.

విజయముతో కథ ముగింపక, ఎండర్ మృతుల పక్షమున గ్రంథము వ్రాయుటయు, శత్రుజాతి రాణికి చోటు వెదకుటయు చూపుట రచయిత ఘనత. కాని బాలుడు ఎరుగడు గనుక నిర్దోషియనియు, అతనిని నడిపిన గ్రాఫ్ విచారణలో విడుదలయ్యెననియు చెప్పుటతో పాపభారము ఎవరిపైనను నిలువదు. విజయములను ఉత్సాహముతో చదివిన పాఠకుడును సులభముగా తప్పించుకొనును. ఇది లోపమే.

ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతముల అగ్గిపెట్టెల పరిశ్రమలో పూర్వము చిన్నవ్రేళ్ల నేర్పును పెద్దలు వాడుకొనిరి. అగ్గిపుల్లల తయారీలో బాలలను నియోగింపరాదని 1986 నాటి చట్టము నిషేధించెను. బిడ్డ తెలివినిగాని, చేతినిగాని పెద్దల అవసరమునకు సాధనము చేయునప్పుడు, ఆ బిడ్డకు నిజము చెప్పితిమా యని అడుగవలెను.

కావున ఈ నవలను పిల్లలు చదువుదురుగాక. తెలుగు లిపి రాని వారికి బాలచంద్రుని కథను పెద్దలు నోటితోనైన వినిపింతురుగాక.