నేర్చుకోమంటున్నది ఎవరిని?

మాతో మాట్లాడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ ముందు ఏదో ఒకటి నేర్చుకోమంటారు. ముల్లాసాబ్ దీన్ నేర్చుకోమంటాడు. కాషాయం కట్టినాయన దేశభక్తి నేర్చుకోమంటాడు. సెక్యులర్ మిత్రుడు ఆధునికత నేర్చుకోమంటాడు. 2013లో కేంద్ర ప్రభుత్వం కూడా ఆ వరసలోకొచ్చి మైనారిటీల కోసం ఒక పథకం పెట్టింది. పేరు 'సీఖో ఔర్ కమావో'. నేర్చుకో, సంపాదించుకో. ఉర్దూలో పేరు పెట్టారు కదా, మా భాషకు గౌరవం ఇచ్చారు కదా అని కొందరు మురిసిపోయారు. నాకు మాత్రం ఆ మొదటి మాట దగ్గరే ముల్లు గుచ్చుకుంది. నేర్చుకోమంటున్నది ఎవరిని?

మా మామూ సంగతి చెప్తాను. ఐదో తరగతితో బడి మానేసి పదకొండో ఏట లారీల షెడ్డులో చేరాడు. ఇంజన్ స్టార్ట్ చేసి పొగ చూస్తే చాలు. నీలం పొగైతే ఆయిల్ కాలుతోంది, రింగులు అరిగినయ్ అంటాడు. నల్ల పొగైతే నాజిళ్ళు చూడమంటాడు. కళ్ళకు గంతలు కట్టినా పానా నెంబరు చేత్తో తడిమి చెప్తాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న పోరగాళ్ళు కనీసం నాలుగు మండలాల్లో షెడ్లు పెట్టుకున్నారు. ఇంత తెలిసిన మనిషి ప్రభుత్వ లెక్కలో ఏమిటో తెలుసా? నైపుణ్యం లేనివాడు. ఐ.టి.ఐ.లో మోటార్ మెకానిక్ కోర్సులో చేరాలంటే పది పాసవ్వాలి. అక్కడ పాఠం చెప్పాలంటే ఆ కోర్సో, ఆపై చదువో ఉండాలి. అంటే మామూ అక్కడ విద్యార్థిగా పనికిరాడు, పంతులుగానూ పనికిరాడు. ఐదో తరగతి చాలన్న 'సీఖో ఔర్ కమావో' వచ్చేసరికి వయసు దాటిపోయింది. ఆ పథకం మొదట పెట్టిన పరిమితి 35 ఏళ్ళు.

నేనేం షెడ్డు బతుకును పొగడటం లేదు. ఉస్తాద్ చేతి పానా దెబ్బలు తినకుండా పని నేర్చుకున్న చోటూ నాకు ఇంతవరకు కనిపించలేదు. పదకొండేళ్ళ పిల్లవాడు ఉండాల్సింది బడిలోనే. నేనడిగేది వేరు. ఇంత దెబ్బ తిని నేర్చుకున్న పనిని పనిగా ఎవరూ ఎందుకు లెక్కించరు అని.

మామూకు జరిగినట్టు కొడుక్కి జరగకూడదని మా బావను ఐ.టి.ఐ. చదివించారు. ఫిట్టర్. ఒక ప్రభుత్వరంగ ఫ్యాక్టరీలో ఏడాది అప్రెంటిస్‌షిప్ కూడా చేశాడు. తర్వాత ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో కార్డు తీసుకున్నాడు. మూడేళ్ళకోసారి వెళ్ళి రెన్యువల్ చేయించుకొచ్చేవాడు. ఆ కార్డును మా అత్తమ్మ పెళ్ళి నగలతోపాటు సందూకులో దాచింది. ఒక్క కాల్ లెటర్ రాలేదు. నగలు అమ్ముకున్నారు, కార్డు మిగిలింది. బావ ఇప్పుడు తండ్రి షెడ్డులోనే పానా పట్టాడు. అంటే సర్టిఫికెట్ లేనివాడూ, ఉన్నవాడూ ఒకే లారీ కింద పడుకున్నారు.

ఇది మా ఇంటి దురదృష్టం అనుకుంటే కథ అయిపోతుంది. కానీ చట్టాలు తీసి చదివితే తెలుస్తుంది, ఈ లంకె మొదటినుంచీ ఒకవైపే కట్టారని. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు 1945లో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు పని చూపటానికి పుట్టాయి. 1959లో చట్టం వచ్చింది. ఆ చట్టం యజమానిని ఖాళీలు ఉన్నాయని ఎక్స్ఛేంజికి తెలపమంది. అంతే. అక్కడినుంచి వచ్చినవాళ్ళనే తీసుకోవాలని అనలేదు. తెలపటం నిర్బంధం, పని ఇవ్వటం దయ. 1996లో మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ నియామకాల కేసులో సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజి పంపిన పేర్లతోనే సరిపెట్టవద్దు, పత్రికల్లో కూడా ప్రకటించి అందరినీ పరిశీలించమంది. న్యాయంగా చూస్తే ఆ తీర్పు సరైందే. కార్డు లేనివాడికీ దారి ఉండాలి. కానీ కార్డునే నమ్ముకుని వరసలో నిలబడ్డవాళ్ళకు ఆ వరసకు అర్థం లేదని ఎవరూ చెప్పలేదు.

1961 అప్రెంటిస్ చట్టం చూడండి. శిక్షణ పూర్తిచేసినవాడికి ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత యజమానికి లేదని అందులోనే రాసుకున్నారు. 1995లో ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ కేసులో సుప్రీంకోర్టు, మిగతావన్నీ సమానమైతే శిక్షణ పొందినవాడికి ప్రాధాన్యం ఇవ్వమని చెప్పింది. 2014లో చట్టాన్ని సవరించి, అప్రెంటిస్‌లను తీసుకునే విషయంలో యజమాని తన విధానం తానే రూపొందించుకోవాలన్నారు. యజమాని విధానం యజమానే రాసుకుంటే అందులో ఏముంటుందో మా మామూ కూడా చెప్పగలడు. 2019 నిబంధనల ప్రకారం 30 మంది, ఆపైన పనిచేసేచోట అప్రెంటిస్‌లను తీసుకోవటం తప్పనిసరి. ఒక ఉస్తాదు, ఇద్దరు చోటూలు ఉండే రేకుల షెడ్డు ఈ చట్టం కంటికి ఆనదు. మా వాళ్ళలో ఎక్కువమంది పని నేర్చుకునే బడి అదే.

సచార్ కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది. అందులో ఐ.ఎ.ఎస్.లో మూడు శాతం, ఐ.పి.ఎస్.లో నాలుగు శాతం అన్న అంకెలు మన సభల్లో బాగా వినిపిస్తాయి. నన్ను ఆపిన అంకె మరొకటి. రైల్వేలో ముస్లింలు 4.5 శాతం. ఆ 4.5 శాతంలో 98.7 శాతం మంది కింది స్థాయి పనుల్లో ఉన్నారు. రైల్వే అంటే మరి పానా పట్టే చేతులు కావలసిన చోటే కదా. పని చేతకాక బయట ఉన్నామా? లోపలికి వెళ్ళినవాళ్ళు పని రాకనే కింద ఉండిపోయారా? ఐ.టి.ఐ. ప్రవేశానికి ఎనిమిదో తరగతి చాలనాలని కూడా ఆ నివేదిక సూచించింది. మంచి సూచన. కాని అది తలుపు ఈవలి సంగతి. తలుపు ఆవల ఏముందో 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అట్టివెల్ చూపించారు. ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకు ఒకే రకం చదువుతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. సవర్ణ హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులే. ముస్లిం పేరుకైతే మూడోవంతు. ఈ లెక్క దగ్గర పెట్టుకుని 'సీఖో' అనే మాటను మళ్ళీ చదవండి. పేరు మార్చుకోవటం ఏ శిక్షణా కేంద్రంలో నేర్పుతారు?

'సీఖో ఔర్ కమావో' నిబంధనల్లో ఒక మంచి షరతు ఉంది, ఒప్పుకోవాలి. శిక్షణ పొందినవాళ్ళలో కనీసం 75 శాతం మందికి పని చూపాలి, అందులో సగం మందికి సంఘటిత రంగంలో చూపాలి. శిక్షణకూ ఉపాధికీ లంకె కాగితం మీద ఇంత గట్టిగా కట్టిన మైనారిటీ పథకం నాకు మరొకటి తెలియదు. కాని మా ఊళ్ళో నేను చూసిన లంకె ఇలా ఉంది. ఒక కేంద్రంలో కంప్యూటరు నేర్చుకున్న ముగ్గురు అమ్మాయిలకు హైదరాబాద్‌లో ఒక షాపింగ్ మాల్‌లో బట్టలు మడతపెట్టే పని చూపించారు. జీతంలో హాస్టలు కిరాయి, బస్సు ఖర్చు పోను మిగిలింది చూసుకుని రెండు నెలలకే తిరిగొచ్చారు. రికార్డులో మాత్రం ఆ ముగ్గురూ 75 శాతంలోనే ఉండి ఉంటారు. మిగతా ఆడపిల్లల సంగతి చెప్పనక్కర్లేదు. ముస్లిం స్త్రీ అనగానే ఏ ప్రభుత్వానికైనా, ఏ రంగు జెండాకైనా గుర్తొచ్చేది కుట్టు మిషను. వీధిలో ఎన్ని జాకెట్లు కుట్టించుకుంటారు, ఎన్ని మిషన్లు ఇస్తున్నాం అని లెక్క వేసినవాడు లేడు.

ఇక మార్గదర్శనం. ఎక్స్ఛేంజీల్లో వృత్తి మార్గదర్శన విభాగాలు రెండో పంచవర్ష ప్రణాళిక కాలం నాటివి. 2015లో నేషనల్ కెరీర్ సర్వీస్ పేరుతో అది కంప్యూటర్లోకి ఎక్కింది. మా బస్తీకి మాత్రం ఏ కౌన్సిలరూ రాలేదు. మాకు దారి చూపింది గల్ఫ్. 1948 తర్వాత సర్కారు ఉర్దూ పోయింది, ఉర్దూ చదువును నమ్ముకున్న కొలువులు పోయాయి. చదువుకూ ఉద్యోగానికీ ఉన్న లంకె మా పెద్దల కళ్ళముందే తెగింది. మళ్ళీ పనికీ డబ్బుకీ లంకె దొరికింది డెబ్భైలలో, సముద్రం అవతల. బొంబాయిలో ట్రేడ్ టెస్టు పెట్టేవాళ్ళు. వెల్డింగ్ వచ్చా, చేసి చూపించు. అతుకు నిలిచిందా, వీసా తీసుకో. ఏ తరగతి చదివావని కాదు, చెయ్యి ఎలా ఆడుతోందని చూశారు. అరబ్బు యజమాని మంచివాడని కాదు. పాస్‌పోర్టు లాక్కున్నవాళ్ళు, జీతం ఎగ్గొట్టినవాళ్ళు, శవపేటికల్లో తిరిగొచ్చినవాళ్ళు మా కడప, కరీంనగర్ ఇళ్ళల్లో ఎంతమందో. అయినా పరాయి దేశపు కఫీల్ గుర్తించిన పనితనాన్ని సొంత దేశపు ఐ.టి.ఐ. గుర్తించలేదు. ఆ సమయంలో మన ప్రభుత్వం చేసిందేమిటి? 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద, పది పాస్ కానివాడి పాస్‌పోర్టుకు 'తనిఖీ అవసరం' అన్న గుర్తు వేసింది. రక్షణ కోసమే అన్నారు. మా వాళ్ళకు తెలిసిన సర్కారీ మార్గదర్శనం ఆ ముద్ర ఒక్కటే.

ఇప్పుడు రెండు జాబితాలు పక్కపక్కన పెట్టుకుందాం. 2007లో మన రాష్ట్రం ముస్లింలలోని 14 వర్గాలను బి.సి.-ఇ కింద చేర్చింది. ఆ జాబితా చదివితే పనుల పట్టికలా ఉంటుంది. అత్తరు సాయిబులు, కసాయిలు, హజాములు, ధోబీలు, రాళ్ళు కొట్టే తురక కాశలు, పాములాడించే గారడీవాళ్ళు. అంతకుముందే బి.సి.-బి లో దూదేకులవాళ్ళున్నారు. అంటే రిజర్వేషన్ ఇచ్చేటప్పుడు ప్రభుత్వానికి మేం పనివాళ్ళమని తెలుసు. రెండో జాబితా 2023 సెప్టెంబరులో వచ్చిన పి.ఎం. విశ్వకర్మ. 18 వృత్తులు. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, కంసాలి, చాకలి, మంగలి, దర్జీ, తాళాలు చేసేవాడు, చేపల వలలు అల్లేవాడు ఉన్నారు. వారం లోపు ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000, తక్కువ వడ్డీ అప్పు. కావలసినవే. మా హజాముకూ, ధోబీకీ, దర్జీకీ అందులో చోటుంది, కాదనను. కాని దూదేకులాయన లేడు. పరుపు కుట్టేవాడు, కలాయి వేసేవాడు, అత్తరు తీసేవాడు లేడు. మెకానిక్ లేడు. ఏది దేశపు సంప్రదాయ వృత్తి, ఏది కాదు అన్న తీర్పు ఆ జాబితాలోనే ఉంది. పేరు సంగతి మళ్ళీ చెప్పాలా? 'సీఖో ఔర్ కమావో', 'ఉస్తాద్', 'నయీ మంజిల్' వగైరా ఐదు పథకాలను కలిపేసి 'ప్రధానమంత్రి విరాసత్ కా సంవర్ధన్' అన్నారు. విరాసత్ అన్న ఒక్క మాట మిగిలింది.

2025 ఏప్రిల్లో హిసార్ సభలో ప్రధాని, వక్ఫ్ ఆస్తులు నిజాయితీగా వాడి ఉంటే ముస్లిం యువకులు పంచర్లు వేసుకుని బతకాల్సి వచ్చేది కాదన్నారు. మావాళ్ళకు కోపం వచ్చింది, రావలసిందే. కాని ఆ కోపంలో మనవాళ్ళు కొందరు అన్నది విని నాకు సిగ్గేసింది. మేం పంచర్లు వేసేవాళ్ళం కాము, మాలో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు అన్నారు. పంచర్ వేసే భాయ్ ఆ మాట వింటే ఏమనుకుంటాడు? ఈ జబ్బు మనలో పాతదే. సయ్యద్, పఠాన్ ఇళ్ళల్లో దూదేకుల సంబంధం కలుపుకోని ఖాందానీ రోగమే ఇది. చెయ్యి మురికైన ముస్లింను ప్రభుత్వం ఎంత చూడదో, మన పెద్దలూ అంతే చూడరు. ఆ పెద్దల్లో కొందరు శిక్షణా కేంద్రాలు నడిపి, పిల్లల తలలు లెక్క చూపి బిల్లులు చేసుకున్నారు కూడా. సెక్యులర్ మిత్రులు ఇది మీ అంతర్గత వ్యవహారం అని తప్పుకోవద్దు. నైపుణ్య శిక్షణ మీద మీరు రాసిన వ్యాసాల్లో కులం వచ్చినంతమాత్రం కూడా మా పేరు రాలేదు.

కొన్నేళ్ళ కిందట, ఉన్న నైపుణ్యానికే గుర్తింపు ఇస్తామని ఎవరో వచ్చి మామూ ఫోటో తీసుకున్నారు. పథకం ఆలోచన మంచిదే. నేను అడగాలనుకున్నది అదే. కొన్ని ప్రశ్నలడిగారు, తర్వాత సర్టిఫికెట్ పంపారు. దాన్ని తీసుకుని ఒక బ్యాంకుకు వెళ్ళాం. మేనేజరు దాన్ని పక్కన పెట్టి, షెడ్డు స్థలం కాగితాలూ జామీనూ అడిగాడు. మామూ బయటకొచ్చి, "గీ కాగితం ఇచ్చినోన్ని పిలువురా, ఒక్క ఇంజన్ ఇప్పమను" అన్నాడు.

సచార్ కమిటీ అడిగిన సమాన అవకాశాల కమిషన్ ఇంతవరకు చట్టం కాలేదు. పేరు చూసి దరఖాస్తు పక్కన పడేసే యజమానిని అడిగే చోటు మాకు లేదు. అది వచ్చేదాకా కనీసం ఒక లెక్కైనా బయటపెట్టాలి. శిక్షణ పొందినవాళ్ళలో ఏడాది తర్వాత ఎందరు అదే పనిలో ఉన్నారు, ఎంత జీతానికి ఉన్నారు అన్నది. ఒక ఆఫీసులో నేను ఆ సంగతి అడిగాను. నేర్చుకున్నవాళ్ళ రిజిస్టరు తీసి చూపించారు. సంపాదించుకుంటున్నవాళ్ళ లెక్క తమ దగ్గర ఉండదని, హైదరాబాద్‌లో అడగమని అన్నారు.