బహుధాన్యపురమున ఒంటరిగా

ఏడాదికొకమారు, మార్గశిరమున చలి కుదురుకొనిన పిదప, ఏదో ఒక ప్రాచీన దేవాలయ నగరమునకు ఒంటరిగా పోయి, ప్రొద్దుపొడుపు మొదలు ప్రొద్దుగ్రుంకు వరకు అచటి రాళ్లనడుమ గడపి తిరిగివచ్చుట నాకు చిరకాలముగా నున్న నియమము. కంచికి పోయితిని; హంపికి పోయితిని; ఓరుగల్లునకు మూడు పర్యాయములు పోయితిని. నిజామాబాదులోని మా యింటి గడపకు ఇంచుమించు 25 కిలోమీటర్ల దూరముననే యున్న బోధనునకు మాత్రము, పెండ్లిండ్లకు, పరామర్శలకు, పొలము తగవులకు లెక్కకు మిక్కిలిగా పోయియుండియు, కేవలము చూచుటకై ఒక్కనాడును పోయినవాడను గాను. పెరటిచెట్టు మందునకు పనికిరాదను సామెత యాత్రికులకును వర్తించునని ఈ యేడు నాకు తోచి, ఒక ఆదివారము తెల్లవారుజామున చేతిసంచిలో రెండు జొన్నరొట్టెలును, ఒక నీళ్లసీసాయు పెట్టుకొని బస్సెక్కితిని.

ఒంటరిగా ఏల యని అడుగువారు కలరు. తోడున్నప్పుడు మన చూపు సగము తోడివారి ముఖముమీదనే యుండును. వారికి ఆకలియైనదేమో, ఎండ తగులుచున్నదేమో, ఈ శిథిలములు చూచి విసిగిరేమో యను చింత శిల్పమునకును కంటికిని నడుమ పలుచని తెరవలె నిలుచును. అంతకన్న ముఖ్యమైన కారణము మఱియొకటి కలదు. చక్కని వస్తువు కనబడిన తక్షణమే 'చూచితివా' అని ప్రక్కవారితో అనివేయుటతో మన బాధ్యత తీరిపోవును. చెప్పుటకు ఎవ్వరును లేనప్పుడు ఆ వస్తువును మన లోపలనే మోసికొని తిరుగవలసివచ్చును, మోయగా మోయగా దాని బరువు తెలియును. ఈ యభ్యాసమునకు నేనేర్పరచుకొన్న పద్ధతి స్వల్పమైనది. శిఖరము వంక మొదట కన్నెత్తకుండ, అధిష్ఠానము నుండి, అనగా కట్టడము నేలను తాకు చోటి నుండి ఆరంభించి, ఒక ప్రదక్షిణము పూర్తిచేయుదును; పిదప ఒక్క స్తంభమును మాత్రమే ఎన్నుకొని దాని యెదుట కూర్చుందును.

బోధను ప్రాచీనత సామాన్యమైనది కాదు. షోడశ మహాజనపదములలో వింధ్యకు దక్షిణమున గోదావరీతీరమున వెలసినది అశ్మకమొక్కటియే. దాని రాజధానియగు పౌదన్యపురము ఈ ఊరేనని చరిత్రకారులలో పెక్కురు తలచెదరు. ఊరి పెద్దలు దీనినే బహుధాన్యపురమనియు, భీముడు బకాసురుని వధించిన ఏకచక్రపురమనియు చెప్పుకొందురు. వేములవాడ చాళుక్యులు వేములవాడకు చేరకముందు ఇచటనే రాజ్యము చేసిరి. వారి మూలపురుషుడగు యుద్ధమల్లుడు బోధనులో ఒక కొలనిని నూనెతో నింపించి, తన 500 ఏనుగులకు అందు స్నానము చేయించెనని పంపకవి తన విక్రమార్జునవిజయమున వర్ణించినాడు. ఆ సంగతి తెలిసిన నాటి నుండియు నా మనసు రాజు మీద నిలువక గానుగల మీదికే పోవుచుండును. అన్ని ఏనుగులు మునుగు నూనె ఆడుటకు ఎన్ని గానుగలు తిరిగెనో, ఎన్ని ఎద్దులు అలసెనో, ఎన్ని పుట్ల నువ్వులు ఈ నేల పండించెనో! అతిశయోక్తి యే యనుకొందము. అట్టి అతిశయోక్తి ఎడారిమీద పుట్టదు గదా.

దేవల్ మసీదని జనులు పిలుచు రాతికట్టడమునకు నేను చేరునప్పటికి ఎండ ఇంకను పలుచగనే యున్నది. రాష్ట్రకూట ప్రభువగు ఇంద్రుని పేర ఇంద్రనారాయణాలయముగా వెలసి, కళ్యాణి చాళుక్య త్రైలోక్యమల్ల సోమేశ్వరుని కాలమున, 1056లో, జీర్ణోద్ధరణము పొంది, గరుడస్తంభమును ధరించి, పదునాలుగవ శతాబ్దమున తుగ్లకుల యేలుబడిలో మసీదుగా మారిన ఈ కట్టడము తన రెండు జన్మములను ఒక్క పేరులోనే నేటికిని మోయుచున్నది. దాని తలవిన్యాసము నక్షత్రాకారము. అట్టి గోడ వెంబడి నడచుట చదరపు గోడ వెంబడి నడచుట వంటిది కాదు; ఒక కోణము వెలుగున నుండగా దాని పొరుగు కోణము నీడలో దాగి, మనము నాలుగడుగులు వేయగనే వెలుగునీడలు తావులు మార్చుకొనును. కప్పుమీది చిన్న గుమ్మటములు తర్వాతి కాలమువి. వానిని మోయు స్తంభములు మునుపటివి. బయటినుండి కనబడు ఒక స్తంభము నెదుట కూర్చుంటిని. ఆ కాలపు శిల్పులకు చదరమును అష్టాస్రముగను, అష్టాస్రమును వృత్తముగను మార్చు నేర్పు వెన్నతో పెట్టిన విద్య. అంచు ఎచట అంచుగా ముగిసెనో, వంపు ఎచట వంపుగా మొదలయ్యెనో నేను ఎంతసేపు వెదకినను పట్టువడలేదు. ఈ కట్టడము ఎవరిదను వాదములు నాకు క్రొత్తవి కావు. ఆ గంటసేపు మాత్రము పైనున్నది గోపురమైనను గుమ్మటమైనను ఒకే ఓర్పుతో మోసిన రాయిని చూచుచుంటిని, దానికి మనసులోనే నమస్కరించితిని.

అచటి నుండి చక్రేశ్వరాలయమునకు పోయితిని. వాకిట పూలమ్ముకొను ఒక ముసలమ్మ నన్ను కొంతసేపు పరికించి, "ఒక్కనివే వచ్చినవా కొడుకా?" అని అడిగినది.

"ఒక్కణ్ణే అవ్వా."

"ఇంట్ల అందరు మంచిగున్నరా? ఏమన్న మొక్కున్నదా?"

"మొక్కేం లేదవ్వా. ఊకెనే సూద్దామని వచ్చిన."

ఆమె నమ్మలేదు. గుడికి ఒంటరిగా వచ్చినవాడు కష్టమున నున్నవాడే యని ఆమె యెఱిగిన లోకము ఆమెకు నేర్పినది. సంతోషమున నున్నవాడు పెండ్లాముబిడ్డలతో వచ్చును గాని సంచి తగిలించుకొని ఒక్కడే రాడు. "మనసుల ఏమున్నా శివయ్యకు జెప్పుకో, దిగులు వెట్టుకోకు" అని రెండు బంతిపూలు నా చేతిలో పెట్టి, ఎంత బతిమాలినను పైసలు పుచ్చుకొనలేదు. లేని దుఃఖమునకు లభించిన ఆ ఓదార్పును తిరస్కరించు ధైర్యము నాకు లేకపోయినది. లోనికి పోయి, ఆమె మాట దక్కించుటకై, ఏదో ఒకటి చెప్పుకొనియే వచ్చితిని.

నీడన కూర్చుండి రొట్టెలు తినుచు చావుండరాయని తలచుకొంటిని. బాహుబలి ఏలిన పౌదనపురమున భరతుడు 525 విండ్ల ఎత్తుగల విగ్రహమును నిలిపెనని విని, తల్లి కాళలాదేవి కోరిక తీర్చుటకై చావుండరాయడు యాత్రకు బయలుదేరి, దానిని చేరుట సాధ్యము కాదని తెలిసికొని, శ్రవణబెళగొళ కొండమీద 981 ప్రాంతమున 57 అడుగుల గోమటేశ్వరుని మలిపించెనని జైనుల కథనము. ఆ పౌదనపురమేదను విషయమున భిన్నాభిప్రాయములున్నవి. ఈ ఊరేనను వారి పక్షమున నేనుందును. చేరవలసిన చోటికి చేరలేని యాత్రికుని నుండి లోకమునకు అంతటి మూర్తి లభించుట నన్నెప్పుడును కదిలించు విషయము.

ప్రొద్దు వాలిన పిదప శక్కర్‌నగర్ వైపు నడచితిని. 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగర్ మంజీర నీటిని ఈ నేలకు తెచ్చినది. నీటివెంట చెఱుకు వచ్చినది. చెఱుకువెంట 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చినది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని దానికి పేరు. నా చిన్ననాట ఈ బాటన చెఱుకు బండ్ల వరుసకు మొదలును తుదియు కనబడెడివి కావు; ఊరింకను రాకమున్నే మడ్డి వాసన ఎదురువచ్చి ఊరు వచ్చినదని చెప్పెడిది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ ఆగినది. మరల తెరచెదరను మాట వినుచు, వినుచు రైతులు వరికి మరలిరి.

ప్రొద్దుట ఆ స్తంభముల కట్టడమును చూచిన పద్ధతిననే ఈ ఫ్యాక్టరీని చూడవలెనని నాకు బుద్ధిపుట్టి, పొగగొట్టము వంక కన్నెత్తకుండ, ప్రహరీగోడ నేలను తాకు చోటి నుండి నడువసాగితిని. తొమ్మిదివందల యేండ్లకు మునుపు ఎవరో, తమకన్న ముందటివారు కట్టినది పాడగుచుండుట సహింపలేక, ధనము కూర్చి, జీర్ణోద్ధరణము చేయించి, ఆ మాట రాతిపై చెక్కించిరి. ఒక ఊరి జనుల కూడు వండిన పొయ్యికి అంతటి ఆదరము తగదా యని అడుగవలెననిపించినది. ఎవరిని అడుగవలెనో తెలియక నడచుచుంటిని.

గేటు ప్రక్కనున్న చాయ్ బండి కడ ఒక పెద్దమనిషి, "ఏం సూస్తున్నవు సారూ గోడను గట్ల?" అని పలుకరించినాడు. ముప్పది యేండ్లు లోపల పాకము మరిగించు పాన్ల కడ పనిచేసినవాడట. నేను అడుగగా, గింజ కట్టు వేళ యెట్లు తెలియునో ఓపికగా వివరించినాడు. "గాజుబిళ్ల మీద పాకం బొట్టు ఏసి ఎలుతురుకు పట్టాలె. గింజ అన్నీ ఒక్క తీరు మెరిసెనా, సరె. ఒక్కటి పెద్దది, ఒక్కటి చిన్నది అగుపడెనా, నా పని సెడినట్టు." ఇంత చెప్పి, చాయ్ గ్లాసు బండిమీద పెట్టి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ లేని గాజుబిళ్లను పట్టుకొని, వాలుచున్న సూర్యునికి అడ్డముగా చేయెత్తి, ఒక కన్ను మూసి చూచినాడు. నేనును అటే చూచితిని.