అరాజకశబ్దము - క్రైస్తవమతము

దత్తమండలములందు ‘అరాజకము’ అనగానే పాలెగాండ్ర కాలము స్ఫురించును. 1800 సంవత్సరమున కుంఫిణీవారి వశమగుటకు ముందు కడప, కోవెలకుంట్ల ప్రాంతములు పడిన బాధలను పెద్దలు ఆ మాటతోనే చెప్పుచుండిరి. నిజమునకు అప్పటి కీడు రాజులు లేకపోవుట కాదు, రాజులు పెక్కండ్రగుట.

మా పాఠశాలలో నొక క్రైస్తవవిద్యార్థి, టాల్‌స్టాయి అరాజకవాది యని యొకచోట చదివి, ‘అయ్యవారూ, యేసును నమ్మినవాడు అల్లరికి దిగునా?’ అని యడిగెను. సందేహము శబ్దమూలకము. కావున శబ్దమునే ముందు విచారింతము.

రాజు దేనియందు లేడో అది అరాజకము. ఇది బహువ్రీహి, కకారము సమాసాంతప్రత్యయము. నఞ్ఞునకు సాదృశ్యము మొదలు విరోధము వరకు ఆరర్థములు చెప్పబడినను, ఇచ్చట నభావమొక్కటియే పొసగును. అల్లరి యను నర్థము వ్యుత్పత్తిచే రాదు. దశరథుని మరణానంతరము రాజు లేని దేశమున కలుగు దురవస్థలను అయోధ్యాకాండము వర్ణించుటచే నది లక్షణగా రూఢమైనది. శాంతిపర్వమున భీష్ముడు వేఱొకటి చెప్పెను: కృతయుగమున రాజును లేడు, దండమును లేదు, ప్రజలు ధర్మముచేతనే యొకరినొకరు కాపాడుకొనిరి. కావున రాజాభావము రెండువిధములుగ ఫలింపవచ్చును.

ఇక క్రైస్తవము. లండను మిషను కడపలో 1822లో నెలకొన్నది. ఈ సీమ క్రైస్తవులకు పరిచితమైన తెనుగు బైబిలునందు ‘బసిలేయా’ అను గ్రీకుపదమునకు ‘రాజ్యము’ అనియే యున్నది. రాజ్యమున్నచో రాజును గలడు. ఆ రాజు దేవుడు. దేవుని, ప్రభుత్వమును గూడ త్రోసివేసిన బకూనిను మతముతో దీనికి పొత్తు కుదురదు. టాల్‌స్టాయి మార్గము వేఱు. 1894లో వెలువడి, దక్షిణాఫ్రికాలో గాంధిమహాత్ముని కదల్చిన తన గ్రంథమున నతడు కొండమీది ప్రసంగమును ప్రమాణముగ గొని, కీడును బలముచే నెదిరింపరాదు గనుక సైన్యము, న్యాయస్థానము, చెఱసాల క్రైస్తవునకు తగవని సిద్ధాంతీకరించెను.

ఇందొక లోపము గలదు. అధికారులకు లోబడుడని పౌలు రోమీయులకు వ్రాసిన పదుమూడవ యధ్యాయము ఈ మతమునకు ప్రతికూలమువలె గన్పట్టును. టాల్‌స్టాయి పౌలునే ప్రక్కకు నెట్టెను. విరుద్ధవాక్యములలో నొకదానిని పాఱవేయుట పరిహారము కాదు, ఏకవాక్యత సాధింపవలెను. అధ్యాయవిభాగము పౌలు చేసినది కాదు, తరువాతివారిది. విభాగమును తొలగించి చదివినచో, ముందు పగ తీర్చుకొనకుమనియు, ఆకలిగొన్న శత్రువునకు అన్నము పెట్టుమనియు నున్నది. వెనుక ప్రేమయే ధర్మశాస్త్రమునకు నెఱవేర్పని యున్నది. ఉపక్రమోపసంహారముల నడుమనున్న లోబాటు అధికారిని పూజించుట గాదు, అతనిపై కత్తి యెత్తకుండుట. మనుష్యులకంటె దేవునికే లోబడవలెనని పేతురు అధికారుల యెదుటనే పలికెను గదా! దీనిచే తిరుగుబాటును, దండమునకు దాస్యమును రెండును నిషిద్ధములైనవి.

కావున నీ సిద్ధాంతమునకు అరాజకమనుట సరికాదు. ‘అదండకము’ అనుట యుక్తము. రాజు గలడు, దండము లేదు. ఆ విద్యార్థికి నేనీయదగిన యుత్తరమిది: టాల్‌స్టాయి అల్లరికి దిగలేదు, అల్లరికిని దండమునకును మూలమైన బలప్రయోగమునే విడిచెను. మన పాలెగాండ్రు విడువనిదియు నదియే. విజ్ఞులు విచారింతురు గాక.