ఆడి ముదరాలు - మన శ్రావణము

వర్తకమునకును పండుగకును గల చెలిమి నేటిది కాదు. తిరునాళ్లు జరుగుచోట అంగడి వెలయుట మన పెద్దలెరిగినదే. కాని శుభకార్యములు లేని మాసమును సైతము కొనుగోళ్ల పండుగగా మార్చిన ఘనత ఆడి తళ్ళుపడికే దక్కినది. జూలై నడుమ నుండి నెలదినములు పురసవాక్కం హైరోడ్డున బట్టలకొట్లు, పాత్రల దుకాణములు, నగల అంగళ్లు జనముతో క్రిక్కిరిసి యుండును. ఆ జనములో తెలుగు కుటుంబములవారును గలరు. కావున ఈ ఆచారపు మంచిచెడ్డలను విమర్శించుట అవసరమని తలచితిమి.

ఆడి తమిళుల సౌరమానమున నాలుగవ మాసము. ఆ నెలలో పెండ్లిండ్లు చేయరు. పదునెనిమిదవ నాడు కావేరి కొత్తనీటికి పూజలు జరుగును. రైతు చేతి సొమ్ము విత్తనములకు పోవును. పట్టుచీర కొనువారు లేక అంగడి వెలవెలబోవును. నిలిచిన సరకును కదల్చి దీపావళి సరకునకు చోటు చేయుటకు తళ్ళుపడి మంచి ఉపాయము. తెలుగు రాష్ట్రములలోను ఆషాఢపు తగ్గింపులు ఇట్టివే. ఇందు వర్తకుని తప్పు లేదు.

అయితే మనది చాంద్రమానము. ఆడి వేరు, ఆషాఢము వేరు. 2025లో ఆషాఢము జూన్ 26 నుండి జూలై 24 వరకు నడచినది. ఆడి జూలై 17న మొదలై ఆగస్టు 16తో ముగిసినది. అనగా ఆడిలో తొలివారము మాత్రమే మనకు ఆషాఢము, తక్కినది శ్రావణము. వరలక్ష్మీవ్రతము ఆగస్టు 8న, తళ్ళుపడి నడుమనే వచ్చినది. 2023లోనో అధిక శ్రావణము వచ్చుటచే వ్రతము ఆగస్టు 25కు, ఆడి దాటిన పిమ్మటకు జరిగినది. ఏమైనను నోములకు, పెండ్లిండ్లకు కావలసినవి తక్కువ వెలకు దొరకుట మనకు మేలు. అంగడివారి శూన్యమాసము మన శుభమాసమునకు తోడగుచున్నది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము వేరుపడగా ఈ నగరమున నిలిచిపోయిన మనకు, అడుగకయే లభించిన చిన్న సౌకర్యమిది.

ఈ మేలును మనము నిలుపుకొనుచున్నామా? ఉద్యోగకాలమంతయు లెక్కల పుస్తకములతో గడపిన మాకు ప్రకటనలలోని అంకెలను ఊరక చదువుట చేతకాదు. 50 శాతము పెద్ద అక్షరములలోను, దాని ప్రక్కనున్న 'వరకు' చిన్న అక్షరములలోను ఉండును. 20 శాతముపై మరల 10 శాతమనిన 30 కాదు, 28 మాత్రమే: 1,000 రూపాయల చీర 800 అయి, పిదప 720 అగును. రెండు కొన్న ఒకటి ఉచితమనిన మూడవ వంతు తగ్గింపు. ఆ మూడవ చీర అక్కరలేని ఇల్లాలికి అదియు లేదు. అవసరము లేని వస్తువుపై వచ్చు ముదరా లాభము కాదు, ఖర్చే.

తగ్గింపు భారము నెవరు మోయుచున్నారో కూడ యోచింపవలెను. 1935లో ఉమ్మడి మద్రాసు రాష్ట్రమున సహకార సంఘముగా నెలకొన్న కోఆప్టెక్స్ చేనేతపై రిబేటు నిచ్చుచున్నది. చేనేత రిబేటులో ప్రభుత్వము పాలుపంచుకొనును గనుక ఆ భారమంతయు మగ్గముపై పడదు. తక్కిన తగ్గింపులలో అది వర్తకుని లాభమున తగ్గినదా, నేతగాని కూలిలో తగ్గినదా అని కొనువారు అడుగుట ధర్మము.

వీనికన్న పెద్ద నష్టము వేరొకటి గలదు. మన పిల్లలకు ఏ మాసము వచ్చినదో పంచాంగము చెప్పుట లేదు, అంగడి ప్రకటన చెప్పుచున్నది. శ్రావణ శుక్రవారము వారి నోట ఆడి వెళ్ళి యగుచున్నది. పొరుగువారి ఆచారము గౌరవింపదగినదే. వారి మాసమునకు వారి పేరు అందమే. కాని మన మాసమునకు మన పేరు మరచుట గౌరవము కాదు, ఏమరుపాటు. బడిలో తెలుగు తగ్గినచోట ఇంటిలో తెలుగును నిలుపునవి తిథులు, నోములు, వంటలు, పేర్లు. అవియు పోయిన పిమ్మట సంఘములు పెట్టి ప్రయోజనమేమి?

కావున పాఠకులకు మా మనవి యిది. తళ్ళుపడికి పోవలదని మేమనము. పోవుటకు ముందు పంచాంగము తెరచి వ్రతమెన్నడో చూడుడు. కావలసిన వస్తువుల పట్టీని పిల్లలచేత తెలుగున వ్రాయింపుడు. అంగడిలో ముదరా లెక్కను వారిచేతనే తెలుగున చెప్పింపుడు. పట్టీలో లేనిదానిని, ఎంత తగ్గించినను, కొట్టులోనే విడిచి రండు. అట్లు చేసిన యింట సొమ్మును మిగులును, భాషయు మిగులును.