కర్టిస్ మేఫీల్డ్ గేయములలో సంఘవిమర్శ

సంఘమునకు హితవు చెప్పు గేయము తరచుగా రెండు దోషములకు లోనగుచుండును. హితవు మితిమీరినచో పాట ఉపన్యాసమగును. మాధుర్యము మితిమీరినచో హితవు చెవిని దాటి హృదయమును చేరదు. అమెరికా దేశపు నల్లజాతి గాయకుడును గేయకర్తయు నగు కర్టిస్ మేఫీల్డ్ (1942–1999) ఈ రెండింటి నడుమ నడచిన తీరును, ఒకచోట చిక్కుపడిన తీరును పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

మేఫీల్డ్ చికాగో నగరమున జన్మించి, పేదరికమున పెరిగెను. అతని నాయనమ్మ మతబోధకురాలు. ఆమె ప్రార్థనాసమాజములోని గానమే అతనికి తొలి పాఠశాల. గిటారును గురువు లేకయే నేర్చెను. పియానోలోని నల్లమెట్ల స్వరములకు సరిపడునట్లు తీగలను శ్రుతిచేసికొని, ఆ పద్ధతిని కడవరకు విడువడయ్యెను. సోల్ అనబడు సంగీతము ప్రార్థనాగానమునకును లౌకికగీతమునకును జనించిన సంతానము. ఫంక్ అనునది దాని తరువాతి శాఖ. అందు రాగవిస్తారముకంటె లయకును, మంద్రతంత్రుల నడకకును ప్రాధాన్యము హెచ్చు. ఈ రెండింటను అతడు సిద్ధహస్తుడు.

'ఇంప్రెషన్స్' బృందమునకై అతడు రచించిన 'కీప్ ఆన్ పుషింగ్' (1964), 'పీపుల్ గెట్ రెడీ' (1965) అను గేయములు పౌరహక్కుల ఉద్యమమున పాల్గొన్నవారికి మిక్కిలి ప్రియమైనవి. రెండవ దానిలో రాబోవు రైలుబండి వర్ణితము. బానిసత్వపు దినములనుండియు ఆ జాతి పాటలలో బండి విముక్తికి సంకేతము. కావున ఇందు వాచ్యము మోక్షము, ధ్వని స్వాతంత్ర్యము. పరులకు కీడు చేసి తాను బాగుపడగోరువానికి ఆ బండిలో చోటు లేదనుటచే ఇది వట్టి ఓదార్పుపాట కాదని స్పష్టము. 1967లో వెలువడిన 'వి ఆర్ ఎ విన్నర్' నందు సంకేతములు తొలగి, జాత్యభిమానము బాహాటముగనే పలికినది.

1970లో బృందమును వీడి వెలువరించిన 'కర్టిస్' అను సంపుటమున అతని దృష్టి మరింత నిశితమైనది. 'వియ్ ద పీపుల్ హూ ఆర్ డార్కర్ దాన్ బ్లూ' అను గేయమున అతడు నిలదీయునది పాలకులను కాదు, తనవారిని. విలంబమున మొదలైన పాట నడుమ ఒక్కపెట్టున ద్రుతమై, తప్పెటల మ్రోతతో చెలరేగి, మరల విలంబమునకు వచ్చును. ఆ లయభేదమే అందలి మందలింపునకు బలము. పరులను నిందించుట సులువు; స్వజనమును ప్రేమ చెడకుండ మందలించుట దుష్కరము. మేఫీల్డ్ దానిని సాధించినాడు.

1972 నాటి 'సూపర్ ఫ్లై' చలనచిత్రము అతనికి కఠినపరీక్ష. కొకైన్ అమ్మువాడు అందు కథానాయకుడు. వాని వేషభూషలు, వాహనము యువకుల నాకర్షించునట్లున్నవి. మేఫీల్డ్ రచించిన 'ఫ్రెడ్డీస్ డెడ్' ఆ వ్యాపారమునకు బలియైన ఒక అల్పుని మరణమును స్మరించి, వానిని వాడుకొన్న లోకమును దూషించును. అయితే చిత్రమున దాని స్వరమే వినబడును, మాటలు వినబడవు. అమ్మకగాని నోట పలుకు 'పుషర్‌మన్' గేయమును మాత్రము మేఫీల్డే తెరపై కనబడి పాడును. ప్రలోభమునకు మాటలు దక్కినవి, తీర్పు మూగవోయినది. గ్రామఫోను రికార్డును విన్నవానికే అతని పూర్తి అభిప్రాయము తెలియును. ఇందు దోషము చిత్రనిర్మాతలదే యని త్రోసివేయరాదు. 'పుషర్‌మన్' లయ అంత మోహకమగుటచే అందలి వ్యంగ్యము గ్రహింపక ఆనందించు శ్రోతలుందురు. కాని ప్రలోభము తీపి తెలియనిచో, దానికి లొంగినవాని పతనము అర్థమగుటెట్లు? ఆ రెండు గేయములను జంటగా విన్నచో ఒకటి ఎరయనియు, రెండవది గాలమనియు బోధపడును.

1990 ఆగస్టులో బ్రూక్లిన్ నందలి ఒక ప్రదర్శనలో దీపముల చట్రము మీద కూలి, మేఫీల్డ్ మెడనుండి క్రిందికి చచ్చుబడెను. గిటారు చేతికి దూరమయ్యెను. అయినను వెల్లకిల పండుకొని, ఊపిరి అందినంతవరకు ఒక్కొక్క చరణభాగమే పాడి, 1996లో 'న్యూ వరల్డ్ ఆర్డర్' అను సంపుటమును పూర్తిచేసెను. ఆ స్వరమున మునుపటి పటుత్వము తగ్గినది, కాని అందు పరితాపముకంటె ఆశయే హెచ్చు.

మేఫీల్డ్ కేక వేయుట అరుదు. సన్నని తారస్వరమున, చెవిలో చెప్పినట్లు కఠినసత్యములు పలికెను. కోపముతో చెప్పిన మాటకు ఎదురుమాట వచ్చును. దయతో చెప్పిన మాట వినువానిని ఆలోచింపజేయును. అతని గేయములు నేటికిని నిలుచుటకు ఇదియే కారణము.