పది కిలోల ఆకు, కిలో పొడి

సూరత్‌లో తాపీ నదికి పడమటి ఒడ్డున ఉన్న అడాజన్‌లో పాలకూర పొడి కొనేవాళ్లు ప్యాకెట్ తిప్పి చూసేది ఇనుము ఎంతుందోనని. నేనైతే ముందు రంగు చూస్తాను. చేసినవాడి పనితనం ముందుగా తెలిసేది అక్కడే. ఎండుగడ్డి రంగుకు దిగిందా, ఎక్కడో తొందరపడ్డాడు. ముదురాకుపచ్చ నిలిచిందా, ప్రతి మెట్టులోనూ గడియారం చూసుకున్నాడు.

మన బజార్లలో పాలకూర పేరుతో రెండు మొక్కల ఆకులు దొరుకుతాయి. వెడల్పుగా, నున్నగా ఉండేది బీట్‌రూట్‌కు సొంత చెల్లెలు. కోసిన కొద్దీ మళ్లీ చిగురిస్తుంది కాబట్టి రైతుకు అదే ఇష్టం. విలాయతీ పాలక్ అనేది వేరే జాతి, చలికాలపు పంట. కుటుంబం ఒకటే కనుక పొడి చేసే పద్ధతి రెండింటికీ ఒకటే. ఏ ఆకైనా నూటికి 91 పాళ్లు నీళ్లే. వంద కిలోల ఆకులో ఘనపదార్థం తొమ్మిది కిలోలు. కాడలూ పండుటాకులూ ఏరేశాక కిలో పొడి రావాలంటే పది కిలోలకు పైగా ఆకు కావాలి. అంటే పొడి చేయడమంటే కొత్తగా ఏదో చేర్చడం కాదు, నీళ్లు తీసేయడం. మిగతావి ఆ నీళ్లతో పోకుండా తీయడంలోనే విద్యంతా ఉంది.

కాడలు తీసేయడం పీచు కోసమే అనుకుంటాం గానీ అసలు సంగతి వేరు. రేకు గంటల్లో ఎండుతుంది, కాడ అప్పటికీ తడిగానే ఉంటుంది. కాడ ఎండేదాకా ఆగితే రేకు మాడుతుంది. ఆగకపోతే మిగిలిన తడి పొడిలోకి చేరి బూజుకు దారి చూపిస్తుంది.

ఆ తర్వాత కడగడం. ఇసుక పాలకూరకు పుట్టుమచ్చ లాంటిది, ఒక నీటికి పోదు. ఆకును తొట్టిలో ముంచి పైకి తీయాలి. నీటిని వంచేస్తే అడుగున దిగిన ఇసుక మళ్లీ ఆకు మీదికే వస్తుంది.

ఇప్పుడు అసలు ఘట్టం. ఆకు కణంలో పత్రహరితం ఒక గదిలోనూ, ఆక్జాలిక్ వంటి ఆమ్లాలు మరో గదిలోనూ ఉంటాయి. మధ్యలో పలుచని పొర. వేడి తగలగానే ఆ పొర చిరుగుతుంది, ఆమ్లం పత్రహరితాన్ని చేరి దాని నడిబొడ్డున ఉన్న మెగ్నీషియం పరమాణువును బయటికి నెట్టేస్తుంది. ఆకు పాచిరంగుకు మారుతుంది. పాలకూర పప్పు గిన్నెకు మూత పెట్టి ఎక్కువసేపు ఉడికిస్తే రంగు చెడేది ఇందుకే. మూత తీసి ఉంచితే ఆవిరయ్యే ఆమ్లాలు కొన్ని పైకి పోతాయి. చిటికెడు సోడా వేస్తే పచ్చగానే ఉంటుంది గానీ సి విటమిన్ బలైపోతుంది. మంచి కార్ఖానా ఆ దారి తొక్కదు.

వేడి చెరుపు చేస్తుందని పచ్చి ఆకునే ఎండబెడదామా అంటే అందులోని ఎంజైములు ఊరుకోవు. ఆకు తెగిన దగ్గర్నుంచీ రంగునూ వాసననూ కొరుకుతూనే ఉంటాయి. అందుకని మరిగేదానికి కాస్త తక్కువ వేడి ఉన్న నీళ్లలో నిమిషం, రెండు నిమిషాలు ముంచి వెంటనే చన్నీళ్లలో వేస్తారు. ఎంజైములు చావాలి, రంగు బతకాలి. సరిపోయిందో లేదో చూడడానికి చక్కని పరీక్ష ఉంది. నలిపిన ఆకు మీద గ్వాయకాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలు వేస్తారు. గోధుమరంగు తేలిందంటే పెరాక్సిడేజ్ ఇంకా బతికే ఉంది. వేడికి అన్నిటికన్నా మొండిగా నిలిచే ఎంజైముల్లో అదొకటి, అది చచ్చిందంటే తక్కినవీ పోయినట్టే లెక్క. చిన్న మచ్చ పెట్టి పెద్ద గంప సంగతి చెప్పే ఈ ఉపాయం నాకు మహా ఇష్టం.

ఆ వేడినీళ్లు రెండు రకాల పని చేస్తాయి. కిడ్నీలో రాళ్లకు కారణమయ్యే ఆక్జలేట్‌లో కరిగే భాగాన్ని చాలా మేరకు లాగేస్తాయి, అది లాభం. నీటిలో కరిగే ఫోలేట్‌నూ సి విటమిన్‌నూ కూడా లాగేస్తాయి, అది నష్టం. నీళ్లకు బదులు ఆవిరి పట్టిస్తే ఫోలేట్ ఎక్కువ మిగులుతుంది, ఆక్జలేట్ కూడా మిగులుతుంది. ఫోలేట్ నిలవాలి, ఆక్జలేట్ పోవాలి అంటే రెండూ కుదరవు.

తడి కార్చిన ఆకును ట్రేలలో పలుచగా పరిచి 50 నుంచి 60 డిగ్రీల వేడిగాలి పంపుతారు. ఇక్కడ గాలి కదలిక ముఖ్యం. వేడి పెంచి పని తొందరగా ముగిద్దామనుకుంటే, దళసరి ఈనెల దగ్గర పైపొర బిగుసుకుపోయి లోపలి తడి బయటికి రాదు. ఎండలో ఆరబెట్టడం చవకే, కానీ కెరోటిన్‌కు వెలుతురు పడదు. ఆకు వేళ్ల మధ్య గలగలలాడుతూ విరిగి, తడి అయిదారు శాతం లోపుకు దిగాక దింపుతారు. మర కూడా ఒక పొయ్యే, తిరిగేకొద్దీ కాగుతుంది. అందుకే కొంచెం కొంచెంగా ఆడించి, జల్లించి, వెలుతురు చొరని రేకు పొర ఉన్న సంచుల్లో వెంటనే మూస్తారు.

ఇక ప్యాకెట్ వెనక రాసే ఇనుము మాట. చెంచాడు పొడి, సుమారు మూడు గ్రాములు, ముప్పై గ్రాముల పచ్చి ఆకుకు సమానం. అందులో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ 2020లో చెప్పిన లెక్కలో స్త్రీకి రోజుకు కావలసింది 29 మిల్లీగ్రాములు. పైగా ఆకులోని ఇనుమును ఒంటికి పట్టనివ్వని పదార్థాలు ఆకులోనే ఉన్నాయి. నిమ్మరసం కొంత సాయం చేస్తుంది. రక్తహీనతకు ఈ పొడి మందు అని అమ్మితే నమ్మక్కర్లేదు. దాని బలం కె విటమిన్‌లో, కళ్లకు మేలు చేసే ల్యూటిన్‌లో, కెరోటిన్‌లో ఉంది. ఈ మూడూ నూనెతో కలిస్తేనే బాగా ఒంటపడతాయి.

ఫోలేట్ కథ మాత్రం పాలకూరకు గర్వకారణం. లూసీ విల్స్ అనే వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చి, అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశోధించింది. ఈస్ట్ సారం తినిపిస్తే వాళ్లు కోలుకున్నారు. అందులో ఉన్నది ఫోలేట్ అని అప్పటికి తెలియదు. 1941లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో టన్నుల కొద్దీ పాలకూరను వడగట్టి ఫోలిక్ ఆమ్లాన్ని వేరుచేశారు. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. నేడు ప్రభుత్వం గర్భిణులకిచ్చే ఐరన్ మాత్రలో 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. వేడినీళ్లూ వేడిగాలీ దాటివచ్చిన పొడి ఆ మాత్రకు బదులు కాలేదు.

మరి పొడి దేనికి? ఆకు దొరకని రోజుకు, తరిగే తీరిక లేని పూటకు. అడాజన్ ఇళ్లలో చేసే థేప్లా రొట్టెల పిండిలో కప్పుకు చెంచాడు కలిపితే పిండిలోని నూనె కెరోటిన్‌కు తోడవుతుంది. మన ఇంట్లోనైతే కందిపప్పు ఉడికి పోపు పెట్టాక, దించే ముందు కలపాలి, ముందే వేస్తే చేసినవాడు కాపాడిన రంగు మన పొయ్యి మీద పోతుంది. రక్తం పలుచన చేసే వార్ఫరిన్ వాడేవాళ్లు, కిడ్నీ రాళ్లు వచ్చినవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా రోజూ తినకూడదు. సముద్రం దగ్గరి ఊరు కాబట్టి సూరత్ వానాకాలంలో ప్యాకెట్ తెరిచి పెడితే పొడి గాలిలోని తడిని తాగి గడ్డకడుతుంది. చిన్న ప్యాకెట్లు కొని, తెరిచినదాన్ని బిగుతు మూత ఉన్న సీసాలోకి మార్చి, తడిలేని చెంచాతోనే తీసుకోవాలి.