మణియు, మధురలాలసయు

మనుష్యుని బుద్ధికి సాధ్యమైన సమస్తకార్యములను చేయగల యంత్రమును నిర్మింపవలెనన్న సంకల్పము నేడు ప్రబలముగా నున్నది. దానికి దేహము కావలెనా, 'నేను' అను ఎరుక కావలెనా అను ప్రశ్న శాస్త్రజ్ఞులకే వదలదగినది కాదు. యంత్రము తెలుగున పద్యము నల్లుచున్న ఈ కాలమున అది సాహిత్యవిమర్శకుని ప్రశ్న కూడ.

1950లో ఆలన్ ట్యూరింగ్ 'మైండ్' పత్రికలో ప్రకటించిన వ్యాసమున దేహమును తెరవెనుక నుంచినాడు. వ్రాతమూలమున వచ్చు సమాధానములే పరీక్షకు ఆధారము. అయినను యంత్రమునకు మంచి ఇంద్రియములను అమర్చి, బిడ్డకువలె భాష నేర్పు మార్గమును కూడ ప్రయత్నింపవలెనన్నాడు. నేటి వివాదము ఈ రెండు మార్గముల నడుమనే సాగుచున్నది.

పింగళి సూరన కళాపూర్ణోదయమున కలభాషిణి రంభారూపమును, మణికంధరుడు నలకూబరరూపమును ధరింతురు. రూపము మారినను కోరిక మారలేదు. కాని ఆ కోరిక తీరుటకు ఏదో ఒక దేహము కావలసివచ్చినది. మఱుజన్మమున ఆ కలభాషిణియే మధురలాలసయై, శిశువుగా నుండియు, మణిహారము తనపై పడగానే పూర్వకథ చెప్పును. జ్ఞాపకమునకు మణి ఉపకరణమే. అనుభవము మణిది కాదు. నేటి యంత్రము ఆ మణి వంటిది. లక్షలమంది అనుభవించి వ్రాసిన మాటలు దానియందు నిక్షిప్తములు. 'ఇది నా కథ' యనదగిన మధురలాలస మాత్రము అందు కానరాదు.

సూరన కల్పనను 'కవిత్వతత్త్వవిచారము'న మెచ్చుకొన్న కట్టమంచి రామలింగారెడ్డి పేరిటి జాతీయబహుమానమును ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1948లో పుదుచ్చేరిలోని అరవిందులకు సమర్పించినది. 1914లో 'ఆర్య' పత్రికయందు ఆరంభించిన 'దివ్యజీవనము'న అరవిందులు జడమునందే చైతన్యము నిగూఢమై యున్నదనిరి. ఆ మతమును అంగీకరించినవారు యంత్రమునకు చైతన్యము అసంభవమని తేలికగా త్రోసిపుచ్చజాలరు. అట్లని మాటనేర్పునే చైతన్యమనుకొనుటకును వీలులేదు.

పుదుచ్చేరి కుత్తరమున పిళ్ళైచావడి యను జాలరుల ఊరు కలదు. అచటి తీరమును సముద్రము కోసివేయుచున్నది. దక్షిణమున రేవు కట్టడములు ఇసుక ప్రవాహమును అడ్డగించుట ఆ కోతకు ముఖ్యకారణమని యంత్రము చక్కగా వివరింపగలదు. ఉపాయమును కూడ చెప్పగలదు. ఇందుకు దేహమక్కరలేదు. ఇంటిగోడ నిలుచునో కూలునో యని అలల చప్పుడు వినుచు రాత్రి మేల్కొనియున్నవాని ఎరుక వేరు. పోగొట్టుకొనుటకు తనదన్నది ఒకటి కలవానికే అది సాధ్యము.

రసము సహృదయునియందు పుట్టునుగదా, కవి దేహముతో పనియేమని ఆలంకారికమతము నెరిగినవారు అడుగవచ్చును. ఆ ఆక్షేపము బలమైనదే. యంత్రపద్యము చదివినవానికి కన్నీరు రావచ్చును. ఆ కన్నీరు అబద్ధము కాదు. అయితే ఆ వాసనలు, ఆ దేహము పాఠకునివి. కావ్యమునకు రసమొక్కటియే కాక పూచీ కూడ కలదు. అన్నమాటకు నిలబడువాడు, నిలబడి నష్టపడువాడు ఒకడుండవలెను.

కావున బుద్ధికి దేహము తప్పనిసరి కాకపోవచ్చును. పూచీకి మాత్రము 'నేను' తప్పదు. యంత్రము వ్రాసిన దానిని చేతికి తీసికొన్నప్పుడు విమర్శకుడు పద్యము బాగున్నదా అని అడిగి ఊరకుండరాదు. ఈ మాటకు ఎవరు బాధ్యులని కూడ అడుగవలెను.